కరక్కాయ నీళ్ళు

మా నాయన సున్నం మేస్త్రి. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు గోడలకు వెల్ల వేసేవాడనుకుంటారు. కాదు. సున్నమూ ఇసుకా గానుగలో పోసి, ఎద్దును కట్టి రాతి చక్రం తిప్పించి, వెన్నలాగా నూరించి, ఆ ముద్దతో ఇళ్ళు కట్టే మనిషి. కుప్పం చుట్టుపక్కల పాత మిద్దెలు, బావుల లోపల కట్టే ఒరలు, నున్నటి గచ్చు నేలలు ఆయన చేతివి చాలా ఉండేవి. ఆ ముద్దలో ఆయన మామూలు నీళ్ళు పోసేవాడు కాదు. కరక్కాయలు చితక్కొట్టి, బెల్లం కలిపి, కుండల్లో వారం పదిరోజులు ఊరబెట్టిన నీళ్ళు పోసేవాడు. ఆ కుండలు మా ఇంటి వెనక వరసగా ఉండేవి. వగరూ తీపీ పులుపూ కలిసిన ఆ వాసనలోనే నేను పెరిగాను. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు, మీ ఇంట్లో సారా కాస్తారా అని అడిగింది. దానితో నేను నెల రోజులు మాట్లాడలేదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు జడ వేసింది నాయనే. సున్నానికి పగిలిన వేళ్ళకు వెంట్రుకలు చిక్కుకునేవి, నేను కేకలు పెట్టేదాన్ని. అందుకని జడ వేసే ముందు చేతులకు ఆముదం రాసుకుని, అరిచేతులు రెండూ కాసేపు రుద్దుకుని, అప్పుడు దువ్వెన పట్టేవాడు. ఇంత ముద్దు చేస్తే పెళ్ళయ్యాక ఈ పిల్ల ఎట్లా బతుకుతుందని చుట్టాలు అనేవాళ్ళు. బతికాను. కానీ వాళ్ళన్నదాంట్లో కొంత నిజముంది. పెళ్ళయి పుంగనూరుకు వచ్చిన రోజు నుంచీ నాకు ఒకటే యావ, నాయన్ను ఎట్లాగైనా తెచ్చి నా దగ్గర పెట్టుకోవాలని.

ఆయన రాడు. అప్పటికి సిమెంటు వచ్చి సున్నం పని పడిపోయింది. గానుగ చక్రం పక్కకు ఒరిగి గడ్డి మొలిచింది. అయినా అక్కడా ఇక్కడా బావి ఒరకు మరమ్మతు పనో, గచ్చు పనో దొరికితే చేసుకుంటూ ఒక్కడే వండుకు తినేవాడు. నేను కుప్పం పోయిన ప్రతిసారీ బతిమాలేదాన్ని. కూతురింట్లో కూర్చుని తినే మగవాడికి మా వైపు ఏం మర్యాద ఉండేదో నాకూ తెలుసు. అల్లుడి ముందు సంగటి ముద్ద కోసం చెయ్యి చాపడం కంటే పస్తు మేలనుకునే తరం అది. ఒకసారి గట్టిగా పట్టుబడితే నవ్వి, తన చెయ్యి పడని ఇంట్లో తనకు నిద్ర పట్టదన్నాడు. ఆయన తప్పించుకోవడానికే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో మేము పుంగనూరులో ఇల్లు మొదలుపెట్టాం. స్థలం మా మామగారిచ్చింది. మా ఆయన మదనపల్లెలో సర్కారు కట్టడాల మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. గోడలు లేచేటప్పుడే వీధి వైపు ఒక చిన్న గది వేయించాను. ఎవరికని మా ఆయన అడిగితే మా నాయనకన్నాను. ఆయన సరేనన్నాడు. వద్దనలేదు. ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తరవాత నేనే మరిచిపోయాను.

మా ఆయనకు నీళ్ళ పిచ్చి. ఎక్కడ కాంక్రీటు పని జరిగినా ముందు అక్కడి నీళ్ళు పుక్కిట పట్టి చూసి ఊసేవాడు. తాగడానికి పనికిరాని నీళ్ళు కాంక్రీటుకూ పనికిరావని ఆయన సిద్ధాంతం. అన్నం తినేటప్పుడు కూడా నాకు అదే పాఠం. బురదనీళ్ళు బలాన్ని తింటాయట, ఉప్పునీళ్ళు లోపలి కమ్మిని తింటాయట, ఆకులు కుళ్ళిన నీళ్ళు పోస్తే సిమెంటు సరిగ్గా బిగుసుకోదట. తీపినీళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరు పోస్తారనుకుంటాడు?

మా స్థలంలో బావి ఉంది కానీ ఉప్పు. కాళ్ళు కడుక్కుంటే తెల్లగా పొర కట్టేది. అందుకని పలమనేరు రోడ్డులో ఒక తోట బావి నుంచి ఎద్దులబండి మీద డ్రమ్ములతో మంచినీళ్ళు తోలించాడు. బండి తోలే ఆయన మా వీధివాడే, పెద్దవయసు మనిషి. తన ఎద్దులతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

స్లాబు రోజు దగ్గర పడింది. నాయనకు ఏదో ఒక పని ఇమ్మని మా ఆయన్ను పోరాను. ఆయనకు సిమెంటు పని తెలియదు కదా అన్నాడు. అది నిజమే. నేను మూతి ముడుచుకుని రెండు రోజులు పలకలేదు. అప్పుడు దిగి వచ్చి, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉండి కొలత ప్రకారం బకెట్లు పోయిస్తే చాలన్నాడు. నేను కుప్పం పరుగెత్తి, నీళ్ళ మీద పెత్తనమంతా నీదే నాయనా అని ఊరించాను.

"ఊళ్ళో సగం ఇండ్లు కట్టినోణ్ణి నీళ్ళకాడ నిలబెడ్తావామ్మా?" అన్నాడు నాయన. కానీ కళ్ళు నవ్వుతున్నాయి. వస్తానన్నాడు.

స్లాబుకు ముందురోజు సాయంత్రం బస్సు దిగాడు. చంకలో గుడ్డల మూట, రెండు చేతుల్లో రెండు కుండలు, మూతులకు గుడ్డ కట్టి. ఏంటవని అడిగితే, నా గది గోడకు పాత పద్ధతిలో సున్నం మెత్తుతాను, దానికి నీళ్ళు అన్నాడు. 'నా గది' అన్నాడు. ఆ మాటకే నా కడుపు నిండిపోయింది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. రేకు మీద కంకర, ఇసుక, సిమెంటు పోసి పారలతో తిరగేస్తున్నారు. నిచ్చెన పొడుగునా మనుషులు నిలబడి తట్టలు చేతులు మార్చి పైకి అందిస్తున్నారు. నాయన తలగుడ్డ చుట్టుకుని డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. ఎండ ఎక్కాక నేను మజ్జిగ బిందె ఎత్తుకుని అందరికీ పోస్తూ ఆయన దగ్గరికి పోయాను. చెయ్యి కడుక్కుందామని డ్రమ్ములో ముంచాను. ముంచగానే ఆ వాసన. వగరు, తీపి, పులుపు. మా ఇంటి వెనక కుండలు. నేను తలెత్తి చూశాను. నాయన దొంగతనంగా నెయ్యి తిన్న పిల్లవాడిలా చూపు తిప్పుకున్నాడు.

"బలానికమ్మా. ఆయప్పకు సెప్పొద్దు," అన్నాడు మెల్లగా. "సున్నానికి బలమిచ్చేది సిమెంటుకు యాల ఇయ్యదు?"

నాకూ అదే న్యాయంగా తోచింది. అసలు నిజం చెప్పాలంటే న్యాయం గురించి నేను ఆలోచించనే లేదు. ఈ ఇంట్లో నాయన చెయ్యి పడింది, ఇంక రాకుండా ఎట్లా ఉంటాడు, అని ఒకటే లెక్క. మా ఆయన పైన సెంట్రింగు చెక్కల మీద నిలబడి అరుస్తున్నాడు. నేను మజ్జిగ పోసి వచ్చేశాను.

సాయంత్రానికి స్లాబు పడింది. మామూలుగా అయితే తెల్లారేసరికి మనిషి ఎక్కి నడవచ్చు, మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలపవచ్చు. మర్నాడు పొద్దున మడులు కట్టడానికి ఎక్కినవాడి కాలు దిగబడింది. మా ఆయన బొటనవేలితో నొక్కి చూశాడు. గుంట పడింది. ఎండకు మధ్యాహ్నానికి సర్దుకుంటుందిలే అన్నారు. సర్దుకోలేదు. రెండో రోజూ అంతే. పైన మాత్రం పొర కట్టినట్టుంది, కింద పచ్చిగా ఉంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అనలేదు. మూడో రోజుకు వీధి వీధంతా మా ఇంటి ముందే. బూడిద కలిసిన సిమెంటు అన్నారొకరు. దిష్టి తగిలిందన్నారొకరు. మా ఆయన డ్యూటీకి పోలేదు, గడ్డం గీసుకోలేదు. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్టు మీద దొరికేది. తాలూకా ఆఫీసు చుట్టూ ఎన్ని నెలలు తిరిగితే ఆ మూటలు వచ్చాయో నాకు తెలుసు. ఇది బిగుసుకోకపోతే పగలగొట్టి దించాలి, మళ్ళీ వేయడానికి సిమెంటు లేదు. అంటే ఇల్లు లేదు, గది లేదు, నాయన రావడమూ లేదు. అప్పటికి నాకు అనుమానం మొదలైంది. నాయనకూ మొదలైనట్టుంది, స్థలంలో వేసిన రేకుల పాకలో నుంచి బయటికి రావడం లేదు.

నీళ్ళలో ఏదో తేడా ఉందని మా ఆయన అన్నాడు. నా వైపు తిరిగి, నువ్వు ఇక్కడే ఉండావు కదా, ఏమైనా చూశావా అని అడిగాడు. నేను చూశానన్నాను. బండాయన చివరి రెండు సార్లు తోట దాకా పోకుండా మన ఉప్పుబావిలోనే తోడి పోశాడని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. నాకు అంత సులభంగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

బండాయన్ను పిలిపించారు. కండువా చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తాను అట్లాంటి పని చెయ్యలేదని ఎద్దుల మీద ప్రమాణం చేశాడు. మా ఆయన మూడు రోజుల కోపమంతా ఆయన మీద చూపించాడు. ఇంక పుంగనూరులో నీ బండి ఎవరు కట్టించుకుంటారో చూస్తానన్నాడు. ఆ ముసలాయన నా వైపు చూశాడు. తిట్టలేదు. ఎందుకమ్మా అన్నట్టు చూశాడు. నేను నేల చూశాను.

అప్పుడు పాకలో నుంచి నాయన వచ్చాడు.

"ఆయన్ననొద్దప్పా," అన్నాడు. "నీళ్ళల్లో కలిపింది నేను. కరక్కాయ, బెల్లం. ఇట్లయితాదని నాకు తెలీదు."

నేను చెప్పింది అబద్ధమని అందరికీ తెలిసిపోయింది, కానీ అందరూ నాయన్నే చూస్తున్నారు. మా ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కుండలు ఎక్కడున్నాయని అడిగి, అడుగున మిగిలిన నీళ్ళు తెచ్చాడు. మూటలో మిగిలిన సిమెంటు పిడికెడు పిడికెడు తీసి మూడు ముద్దలు కలిపాడు. ఒకటి తోట బావి నీళ్ళతో, ఒకటి మా ఉప్పుబావి నీళ్ళతో, ఒకటి ఆ కుండ నీళ్ళు కలిపి. మూడు అద్దం ముక్కల మీద మూడు బిళ్ళలు తట్టి నీడలో పెట్టాడు. బండాయన కూడా పోకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి మొదటి రెండు బిళ్ళలూ గోరు దిగనంత గట్టిపడ్డాయి. మూడోదాంట్లో వేలు పెడితే పాలకోవాలో దిగినట్టు దిగింది.

అది చూసి మా ఆయన ముఖం తేటపడింది. నాకు అర్థం కాలేదు. సిమెంటు మంచిదే, నీళ్ళూ మంచివే అన్నాడు. బెల్లం సిమెంటును నిద్రపుచ్చుతుందట. మరీ ఎక్కువైతే చంపేస్తుంది, తగుమాత్రంగా పడితే కొన్నాళ్ళు పడుకుని లేస్తుంది. లేచేదాకా ఎండిపోకుండా చూసుకోవాలి, అంతే. ఉప్పునీళ్ళని నమ్మి ఉంటే రేపు పగలగొట్టించేవాణ్ణి అన్నాడు. డ్రమ్ముకు ఎంత పోశావు మామా అని అడిగాడు. రెండు చెంబులు అన్నాడు నాయన తల వంచుకుని. సున్నంలో ఏది ఏ పాళ్ళలో కలపాలో ఊరికంతా చెప్పిన మనిషి, వాతపెట్టిన ఎద్దులా నిలబడి జవాబు చెబుతున్నాడు.

బండాయనకు మా ఆయన చేతులు జోడించి తప్పయిందని చెప్పాడు. ఆ చేతులు జోడించాల్సింది నేను. నేను పాకలోకి పోయాను.

తడి గోనెసంచులు తెచ్చి స్లాబంతా కప్పమని మా ఆయన కూలివాళ్ళను పురమాయించాడు. నాయన కూడా ఒక సంచి అందుకోబోయాడు.

"మామా, ఇంక మీరు దేన్నీ ముట్టుకోబాకండి," అన్నాడు మా ఆయన.

పచ్చి స్లాబు కదా, అంచున చెయ్యి పడినా చెడుతుందని అన్నాడని తరవాత చెప్పాడు. అదే నిజమై ఉంటుంది. ఆయన కపటం తెలియని మనిషి. నాయన మాత్రం సంచి కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని పక్కకు పోయాడు.

మర్నాడు పొద్దున నేను నిచ్చెన మీద నిలబడి గోనెల మీద నీళ్ళు చల్లుతున్నాను. నాయన చంకలో మూటతో వీధిలో పోతూ కనబడ్డాడు, బస్సు స్టాండు వైపు. నాతో చెప్పలేదు. పిలిస్తే వినబడే దూరమే. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో చెంబు, కింద మా ఆయన. పిలవలేదు. ఈ బకెట్టు అయిపోగానే దిగి పరుగెత్తుదామనుకున్నాను. దిగేసరికి వీధి మలుపు తిరిగిపోయాడు.

ఐదో రోజు స్లాబు బిగిసింది. పొద్దున గోనె ఎత్తి నొక్కితే బొటనవేలే నొప్పి పెట్టింది. ఆరో రోజు మడులు కట్టి నీళ్ళు నిలిపాం. సెంట్రింగు మాత్రం మా ఆయన నెల దాటినా తియ్యనివ్వలేదు. తీసే రోజు కూలివాళ్ళు లోపలికి పోవడానికి జంకితే తానే పోయి నడుమ నిలబడి, ఒక్కొక్క గుంజా తట్టి తీయించాడు. స్లాబు కదల్లేదు. సుత్తితో కొడితే కంచు మోగినట్టు మోగింది. ఆయన నవ్వి, నువ్వే పోయి మామకు చెప్పిరా అన్నాడు.

నేను పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాను. దారి పొడుగునా నాయన ముఖం ఎట్లా వెలుగుతుందో ఊహించుకుంటూ పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, ముందు తిను అని సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టాడు. నేను తింటూనే చెప్పాను. స్లాబు నిలబడింది నాయనా, కంచులాగా మోగింది నాయనా అని. పగుళ్ళుండాయా అని అడిగాడు. లేవన్నాను. నీళ్ళు నిలిపితే కారిందా అన్నాడు. కారలేదన్నాను. మోత ఒకే తీరుగా ఉందా, నడుమ ఎక్కడైనా బోలుగా వినబడిందా అన్నాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. చేతులకు ఏమీ అంటలేదు, అయినా చాలాసేపు కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే ఆ గదిలో నేనొచ్చి ఉండొచ్చా అమ్మా?" అని అడిగాడు.

ఎన్నేళ్ళుగా ఆ మాట కోసం ఆయన కాళ్ళ చుట్టూ తిరిగానో! నోట్లో సంగటి ముద్ద ఉంది. అది మింగేలోపల మా ఆయన గొంతు చెవిలో పడింది, దేన్నీ ముట్టుకోబాకండి అని. స్లాబు నిలబడింది సరే, ఆయన మనసులో ఏముందో, మళ్ళీ ఏదైనా మాట జారితే నాయన ఏమైపోతాడో అనుకున్నాను. జాగ్రత్త పడుతున్నాననుకున్నాను.

"ఆయన్నొక మాట అడిగి కబురు పెడ్తా నాయనా," అన్నాను.

"అట్నే కానీలేమ్మా. తొందరేముండాది," అన్నాడు.

ముఖంలో ఏమీ మారలేదు. బస్సు దాకా వచ్చాడు. మీ ఇంటికి అని జామకాయలు కొని గుడ్డలో కట్టిచ్చాడు. మీ ఇంటికి అన్నాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన తెల్లబోయాడు. దీనికి నన్ను అడిగేదేముంది, వెంటబెట్టుకుని రావాల్సింది కదా అన్నాడు. గది వేసిందే ఆయనకు కదా అన్నాడు. ఆదివారం తానే కుప్పం పోయాడు. అల్లుణ్ణి నాయన మర్యాదగా కూర్చోబెట్టి, కోడి కోసి పెట్టి, ఒక బావి ఒర పని చేతిలో ఉంది, అది అయినాక వస్తానని పంపించాడు. ఆ తరవాత ఒక గచ్చు పని అన్నాడు. ఆ తరవాత మోకాళ్ళు సరిలేవు, బస్సు ఎక్కలేనన్నాడు. ఎనభైల నడుమ పోయేలోపల మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, పిల్లల తలలు నిమిరి, సాయంత్రం బస్సుకే పోయాడు. గది చూడు నాయనా అంటే, బాగుంటాదిలేమ్మా అన్నాడు. లోపలికి రాలేదు.

ఆ గదిలో వేరుశనక్కాయల మూటలు వేసుకున్నాం. ఎన్ని వానలు కురిసినా ఆ స్లాబు ఒక్క చుక్క కారలేదు. వానపడిన ప్రతిసారీ నేను ఆ గదిలోకి పోయి పైకి చూసేదాన్ని. ఒక్కసారన్నా కారితే బాగుండుననిపించేది. ఎందుకో చెప్పలేను. నాయన చేతులకు ఆముదం రాసుకుని అరిచేతులు రుద్దుకునే చప్పుడు వినాలనిపించి, ఆ మూటల మధ్య కూర్చుని ఏడ్చేదాన్ని.

ముట్టుకోబాకండని మా ఆయన అన్న మాటకే నాయన రాలేదని చాలా ఏళ్ళు నేను అనుకున్నాను. అక్కచెల్లెళ్ళ వరసైనవాళ్ళకూ అట్లాగే చెప్పుకున్నాను. మా ఆయన కూడా విన్నాడు, కాదనలేదు. అది బండాయన మీద చెప్పినదానికంటే పెద్ద అబద్ధం. ఆ మాట విన్న తరవాత కూడా నాయన వస్తానన్నాడు. జన్మలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి నన్ను అడిగాడు. అల్లుణ్ణి కాదు, నన్ను. నేను కాస్త ఆగమన్నాను.